కుడికి తిప్పిన ఇంజను

మా బావ పోయి నెల కావస్తోంది. ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే ఎవరో ఒక పుణ్యాత్ముడు దీన్ని పట్టుకెళ్ళి మా అక్కకు చదివి వినిపిస్తాడు. అక్కకు చదువు రాదు గాని, తన ఇంటి సంగతి ఎక్కడ అచ్చయినా ఎలాగో ఆమె చెవిన పడుతుంది. పడితే నా పని అయిపోయినట్టే. కాబట్టి బావ అనే అంటాను. ఆయన ఉన్నన్నాళ్ళూ నేను పిలిచిందీ అట్లాగే.

దినాల నాడు వచ్చినవాళ్ళంతా ఆయన గురించి మంచి మాటలే చెప్పారు. నౌకరీలో ఒక్క మాట పడలేదన్నారు, ఎవరి జోలికీ పోలేదన్నారు. ఒక్కరు కూడా ఆయన విమానం సంగతి ఎత్తలేదు. చావింట్లో నవ్వు వస్తే బాగుండదని మానేసి ఉంటారు. నాకు మాత్రం బావ అనగానే ఒకే ముఖం గుర్తొస్తుంది. నల్లగా మసిబారి, ఆముదం కారుతూ, కళ్ళజోడు తీసిన చోట రెండు తెల్లటి గుండ్రాలతో ఉన్న ముఖం. ఆ ముఖం పెట్టుకుని ఆయన నన్ను ఒక ప్రశ్న అడిగాడు. దాని దగ్గరికి వస్తాను.

బావ కాజీపేట లోకో షెడ్డులో ఫిట్టరు. మాది కొత్తవాడలో మగ్గాల ఇల్లు. మా వాళ్ళలో మగ్గం గుంటలోంచి లేచి రైల్వే నౌకరీకి పోయినవాళ్ళు అప్పట్లో తక్కువ. అందుకని అక్కను ఇచ్చేటప్పుడు మా నాయన కొంత వెనకాడాడు. పిల్లవాడు మంచివాడే గాని ఇనుముతో మాట్లాడతాడట అని ఎవరో చెప్పారు. అది అబద్ధం. ఆయన మాట్లాడేవాడు కాదు, అది మాట్లాడితే వినేవాడు. మూరెడు పొడుగు స్క్రూడ్రైవరు ఒకటి ఎప్పుడూ ఆయన వెంట ఉండేది. దాని కొనను యంత్రానికి ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు అదిమిపెట్టి కళ్ళు మూసుకునేవాడు. పక్కవాళ్ళు తొందరపెడితే ఎడమ చెయ్యి పైకెత్తి, "చెప్తది, జర ఆగు" అనేవాడు. కాసేపటికి కళ్ళు తెరిచి ఫలానా చోట ఫలానా జబ్బు అని చెప్పేవాడు. విప్పి చూస్తే అక్కడే ఉండేది.

మా ఇంటికి వచ్చినా అంతే. చెప్పులు విడిచీ విడవకముందే స్క్రూడ్రైవరు మగ్గానికి ఆనించి, "బామ్మర్దీ, కింద పలక మేకు ఒకటి వదులైంది" అనేవాడు. మనుషులు చెప్పింది మాత్రం అంత తొందరగా ఎక్కేది కాదు. ఉప్పు తెమ్మని అక్క మూడుసార్లు చెప్పి పంపితే బజారు దాకా పోయి మేకులు తెచ్చిన రోజులున్నాయి.

పెళ్ళినాడే మాకు తెలియవలసింది. పీటల మీద కూర్చున్నాడు, బాసింగం కట్టారు, కొంగుముడి వేశారు. పందిట్లో గ్రామఫోను పెట్టె సన్నాయి పాట పాడుతూ పాడుతూ మధ్యలో గొంతు సాగదీసి మూలిగింది. పెళ్ళికొడుకు తల తిప్పాడు. పంతులు చెప్పినట్టల్లా చేస్తున్నాడు గాని చూపంతా పెట్టె మీదే. అది రెండోసారి మూలగ్గానే లేచాడు. ముడి ఉంది కాబట్టి అక్కా లేవవలసి వచ్చింది. పందిరి ఆ మూల దాకా నడిచిపోయి, వంగి, బాసింగం పూలు కళ్ళకు అడ్డం వస్తుంటే పక్కకు నెట్టుకుంటూ స్ప్రింగు సరిచేసి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. ముహూర్తం దాటలేదు గాని మా నాయన ముఖం చూడాలి. అక్క ఈ కథ ఎప్పుడు చెప్పినా, "ఏడడుగుల కంటె ముందే నన్ను ఇరవై అడుగులు నడిపిచ్చిండు" అని ముగించేది.

రెండో యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు, ఎండలు ముదురుతున్న రోజుల్లో, రఘునాథపల్లి దగ్గర ఒక జాగీర్దారు తోటలో నీళ్ళ పంపు చెడిపోతే బావను పిలిపించారు. సెలవునాడు పోయి బాగుచేశాడు. వచ్చేటప్పుడు కొట్టంలో కోళ్ళు గుడ్లు పెట్టుకునే గూడు ఒకటి చూశాడు. కోడిని అదిలించి దగ్గరికి పోతే అది విమానం ఇంజను. మొదటి యుద్ధం నాటిది. జాగీర్దారు తండ్రి ఎప్పుడో సికింద్రాబాదు వేలంలో వింతవస్తువని పాడుకుని తెచ్చి మరిచిపోయాడట. పంపు బాగుచేసినందుకు ఏం కావాలని జాగీర్దారు అడిగితే బావ, "మీ కోళ్ళకు కొత్త గూడు చేసిస్త దొరా, గీ గూడు నాకియ్యుండ్రి" అన్నాడట.

అది ఎడ్లబండి మీద సుబేదారికి వచ్చింది. అప్పుడు సుబేదారి అంటే నాలుగు సర్కారు బంగళాలు, మిగతాదంతా బీడు. బావ అద్దెకున్న ఇంటి వెనక గోడ దాటితే కనుచూపు మేర ఖాళీ నేల. ఇంజను దించుతుంటే అందులో ఇంకా రెండు గుడ్లు దొరికాయి. అక్క వాటిని ఉల్లిగడ్డ వేసి పొరుటు చేసింది. వడ్డిస్తూ, "గీ ఇంజనుతోని మనకొచ్చే లాభం గింతే అనుకుంట" అంది.

బావ దాన్ని ఊడదీసి, కడిగి, మళ్ళీ బిగించేసరికి నెల పట్టింది. నాలాంటి మగ్గం మనిషికి అర్థమయ్యేలా ఆయన చెప్పింది ఇది. మామూలు ఇంజనులో పై డబ్బా కదలదు, లోపలి ఇరుసు తిరుగుతుంది. ఇందులో ఇరుసును విమానం మూతికి గట్టిగా బిగించేస్తారు. దాని చుట్టూ పువ్వు రేకుల్లా ఉండే తొమ్మిది సిలిండర్లూ, వాటి ముందు బిగించిన చెక్క పంఖా, అన్నీ ఒక్కటై గిరగిరా తిరుగుతాయి.

"అంటె ఇంజనే పంఖా అన్నట్టు" అన్నాను.

"నీకున్న అకల్ మా షెడ్డుల సగం మందికి లేదు" అన్నాడు బావ.

ఆ మాటకు ఉబ్బిపోయి రెక్కలకు బట్ట నేసిస్తానని ఒప్పుకున్నాను. పత్రికలోంచి చింపిన బొమ్మ ఒకటి ముందు పెట్టుకుని, వడ్లాయన చేత టేకు, వెదురు కలిపి చట్రం కట్టించాడు. నేను నేసిన బట్టకు గంజి మీద గంజి పట్టించి, వార్నీషు పూసి చట్రం మీద లాగి కుట్టాం. కొడితే డోలులా మోగేది. నేను నేసిన బట్టలు కట్టుకుని పెళ్ళిపీటలెక్కినవాళ్ళు చాలామంది ఉన్నారు, ఆకాశం ఎక్కబోతున్నది మాత్రం అదొక్కటే. నాకు చాలా గర్వంగా ఉండేది. ఆ మాట బయటికి అనలేదు.

ఇక టైమింగు. సిలిండర్లో పిస్టను పెట్రోలు ఆవిరిని అదుముకుంటూ పైకి పోతుంది. అది పైకొనకు చేరడానికి కాస్త ముందుగానే ప్లగ్గులో నిప్పురవ్వ పడాలి. మరీ ముందు పడితే ఇంజను ఎదురు తంతుంది. ఆలస్యంగా పడితే బలం రాదు, సగం మంట వృథాగా బయటికి పోతుంది. నాకు ఎక్కడం లేదని బావ ఇంకో దారిన, పడుగు పోగుల మధ్య నుంచి పేక దారం మోసుకుపోయే నాడె దారిన వచ్చాడు.

"పడుగు పూర్తిగ తెరుచుకున్నంక చెయ్యి లేపుతవా, నాడె ఇసురనీకి?"

"లే. తెరుచుకుంటాంటనే లేపాలె. ఆగితె నాడె మధ్యల చిక్కుతది."

"గదే గిది."

ఎంత ముందు అనేదానికి కొలత కావాలి. అక్కకు సారెలో పెట్టిన ఇత్తడి తాంబాళం తీసుకుని, దాని అంచు చుట్టూ మూడువందల అరవై గీతలు సన్నటి ఉలితో కొట్టాడు. ఇంట్లో ఏదో పేరంటానికి అక్క తాంబాళం వెతికితే అది విమానం ముక్కు మీద దొరికింది. పైకొనకు ఇరవై ఆరు గీతల ముందు రవ్వ పడాలి. ఆ రవ్వను పుట్టించే పెట్టె, మాగ్నెటో అంటారు, అందులో రెండు చిన్న ముక్కలు ఒకదాన్నొకటి తాకుతూ ఉంటాయి. అవి విడిపోయిన క్షణమే రవ్వ. ఆ విడిపోవడం కంటికి కనబడేంత ఉండదు. బావ జన్మలో పొగ తాగలేదు. కాని ఒక సిగరెట్టు డబ్బా కొని, పొగాకు పారబోసి, కాగితాలు దాచుకున్నాడు. ఆ కాగితం ముక్కను రెండింటి మధ్య పెట్టి, మెల్లగా లాగుతూ ఇంజనును చేత్తో తిప్పేవాడు. ఎక్కడ కాగితం జారి చేతిలోకి వస్తే అక్కడ రవ్వ పడినట్టు. ప్లగ్గు తీసిన కన్నంలోంచి సన్నటి ఊచ దించి పిస్టను ఎక్కడుందో చూసుకునేవాడు. నాలుక కొంచెం బయటపెట్టి, ఊపిరి బిగబట్టి ఆయన ఆ కాగితం లాగుతుంటే నేనూ ఊపిరి తీసేవాణ్ణి కాదు.

మొదటిసారి టైమింగు పెట్టిన రోజు అక్క పసుపు కుంకుమ పళ్ళెంతో వచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది, కొబ్బరికాయ కొట్టింది, తొమ్మిది సిలిండర్లకూ బొట్లు పెట్టింది. పంఖా ఎదురుగా నిలబడి హారతి తిప్పి, "ఇగ తిప్పుండ్రి" అంది. బావ ఎడమకు లాగబోయాడు.

"ఆగాగు. ఎడమకు తిప్పుడేంది, పొద్దుగాల పొద్దుగాల? దేవుని చుట్టు ఎటు తిరుగుతం? కుడికి తిప్పు."

బావకు ఇంట్లో ఒక నియమం ఉంది. ఇనుము సంగతి తను, శకునం సంగతి అక్క. పైగా ఆయన రైలింజన్ల మనిషి. రైలింజను ముందుకూ పోతుంది, లీవరు మారిస్తే వెనక్కూ పోతుంది, దాని టైమింగుకు ఎటైనా ఒకటే. "దానికేం బాధ, కుడికే తిప్పుదాం" అని కుడికి తిప్పి, ఇరవై ఆరు గీతల ముందు ఆపి, కాగితం జారేలా చూసుకుని బిగించాడు. ఆ రోజు నుంచి అదే అలవాటైంది. ఎప్పుడు సరిచూసినా కుడికే తిప్పేవాడు. అక్క వంటింటి కిటికీలోంచి చూస్తూ ఉండేది కూడా.

ఇంజను నడిపేటప్పుడు మాత్రం పంఖాను ఎడమకే లాగాలి. రెక్క చెక్కిన తీరు, ఇంజను కట్టుబడి రెండూ అటే. ఆ సమయానికి అక్క తలుపు గడియ పెట్టుకుని లోపల రామ రామ అనుకుంటూ ఉండేది కాబట్టి ఎటు లాగాడన్నది ఆమెకు పట్టలేదు.

విమానం తోకను నేలలో పాతిన రాతి కడీకి మోకుతో కట్టాం. మోకు మీద బావకు నమ్మకం లేదు, నా మీద ఉంది. అందుకని తోక పట్టుకునే పని నాది. బావ పంఖా లాగగానే అది దగ్గింది, తుమ్మింది, తొమ్మిది నోళ్ళతో మంటలు కక్కి, ఒక ఊపు తిరిగి నీరసపడింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ అదే. ఈ లోపల నాకు వేరే కష్టం మొదలైంది. ఆ ఇంజనుకు ఆముదమే పొయ్యాలి. వేరే నూనె అయితే పెట్రోలులో కలిసి పల్చబడిపోతుందట. పోసిన ఆముదం లోపల నిలవదు, ఇంజను తిరుగుతున్నంతసేపూ తుంపరగా వెనక్కి చిమ్ముతుంది. వెనక ఉన్నది నేను. నోరు మూసుకుందామంటే బావ "ఎట్లున్నది, ఎట్లున్నది?" అని అరుస్తుంటాడు, జవాబు చెప్పాలి. ఆ వారమంతా నేను మగ్గం గుంటలో పట్టుమని అరగంట కూర్చోలేకపోయాను. ఎందుకో విడమరచి చెప్పనక్కర్లేదు.

చప్పుడు విని ఒకరోజు పోలీసు అమీన్ సాబ్ సైకిలు మీద వచ్చాడు. యుద్ధం రోజుల అనుమానాలు ఇంకా పోలేదు.

"క్యా హై యే?"

"పంఖా హై సాబ్" అన్నాడు బావ.

"ఇత్నా బడా?"

"గర్మీ భీ బడీ హై సాబ్." ఇంత పెద్ద పంఖా ఎందుకంటే ఎండలూ పెద్దవేనట.

అమీన్ సాబ్ కాసేపు ఆలోచించి, నడిపి చూపించమన్నాడు. గాలి ఏపాటి వస్తుందో చూద్దామని, నేను వద్దనేలోపే వెనకవైపు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఆయన మళ్ళీ మా వైపు రాలేదు. కారణం కోపమో కడుపో నాకు తెలియదు.

వారం గడిచింది. బావ ప్లగ్గులు మార్చాడు, గొట్టాలు కడిగాడు, టైమింగు రోజూ సరిచూశాడు, కుడికి తిప్పుతూ. ఇంజను మాత్రం మంటలు కక్కుతూ, కాలిపోయేంత వేడెక్కుతూ, చీపురు ఊడ్చినంత గాలి ఇచ్చి ఆగిపోయేది. ఆ చప్పుడు నాకు ఎక్కడో విన్నట్టు ఉండేది. ఆ తర్వాత మూడో రోజో నాలుగో రోజో మగ్గం మీద కొత్తగా పని నేర్చుకుంటున్న మా పినతండ్రి కొడుకు చెయ్యి ఆలస్యంగా లేచి, నాడె పడుగులో చిక్కింది. ఆ చిక్కిన చప్పుడు అదే.

ఆ సాయంత్రం తోక దగ్గర నిలబడి చూశాను. నేను ఎప్పుడూ వెనకే ఉంటాను, ముందున్న బావకు ఎడమైంది నాకు కుడి కాబట్టి, ఇంజను నడిచేటప్పుడు అది నా కుడికి తిరగడం నాకు అలవాటు. బావ చేత్తో తిప్పి టైమింగు చూస్తుంటే అది నా ఎడమకు తిరిగింది. ఆయన లెక్కలో ఇరవై ఆరు గీతల ముందు ఉన్న చోటు, ఇంజను నిజంగా తిరిగేటప్పుడు ఇరవై ఆరు గీతల వెనక అవుతుంది. ఇంజనులో తప్పేమీ లేదు. తప్పంతా ప్రదక్షిణంలో ఉంది.

బావ స్నానానికి పోయాడు. ముందు అక్కకు చెప్పాను, ఎందుకంటే తిప్పించింది ఆమె. అక్క బియ్యం చెరుగుతూ మొత్తం విన్నది.

"నీకు పక్కానా?"

"పక్కా. ఎడమకు తిప్పి పెడితె నడుస్తది."

"గాయనకు చెప్పినవా?"

"ఇంక చెప్పలే."

"చెప్పకు."

నాకు అర్థం కాలేదు. అక్క చేట కింద పెట్టింది.

"గది మంచిగ నడిస్తె ఏమైతదిరా? గాయన అండ్ల కూసోని మీదికి పోతడు. పోయినోడు మల్ల దిగుతడని నువ్వు రాసిస్తవా? నడవకుంటె ఏమైతది? నలుగురు నవ్వుతరు. నవ్వనియ్. నవ్వితె మనిషి చావడు."

ఆ విమానానికి బట్ట నేసింది నేను. కుట్లు ఎక్కడెక్కడ బలహీనంగా ఉన్నాయో అక్క కంటే నాకే బాగా తెలుసు. సరే అన్నాను.

మొదట్లో నాకు పెద్ద కష్టమనిపించలేదు. బావ ఎప్పట్లాగే నవ్వుతూ, "చెప్తది, జర ఆగు" అంటూ స్క్రూడ్రైవరు ఆనించి వినేవాడు. నేను తోక పట్టుకుని ఆముదం మింగేవాణ్ణి. రెండో వారం దాటాక ఆయన ఆ మాట అనడం మానేశాడు. స్క్రూడ్రైవరు ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చి, చాలాసేపు విని, ఏమీ చెప్పకుండా దించేవాడు. ఇరుగుపొరుగు వాళ్ళు గోడ మీద నుంచి "పంఖా ఎంతవరకొచ్చె?" అని అడిగితే ఇంతకు ముందు తనే నవ్వించేవాడు, ఇప్పుడు తల వంచుకునేవాడు. ఒకరోజు నేను ఏదో పని మీద కాజీపేట పోయి, షెడ్డులో ఆయన్ను చూశాను. ఒక రైలింజను పక్కన నిలబడి, తన స్క్రూడ్రైవరు ఇంకో ఫిట్టరు చేతికిచ్చి, "జర నువ్వు విని చెప్పు. నా చెవులు పనిచేస్తలేవు" అంటున్నాడు. ఆ మనిషి వేళాకోళం అనుకుని నవ్వాడు. నేను బావకు కనబడకుండా వెనక్కి మళ్ళాను. ఆయనకున్న ఆస్తి ఆ చెవులే. అవి చక్కగానే ఉన్నాయని తెలిసిన ఇద్దరం నోళ్ళు మూసుకుని కూర్చున్నాం.

అక్కకు చెప్పాను. బావ అన్నం కూడా సరిగ్గా తినడం లేదని తనకు తెలుసట. మర్నాడు బావే, సోమవారం పాత ఇనుము వాడు బండి తీసుకుని వస్తాడని చెప్పాడు. "నాతోని కాలే" అన్నాడు. ఎవరో చుట్టం ఊరికి పోతున్నాడని చెప్పినంత మామూలుగా అన్నాడు.

ఆదివారం పొద్దున నేను పోయేసరికి అక్క తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని విమానం దగ్గర నిలబడి ఉంది. బావ తాంబాళం విప్పడానికి స్పానరు తీశాడు.

"ఇప్పకముందు ఓసారి ఎడమకు తిప్పి చూడరాదయ్యా" అంది.

"ఎందుకే?"

"నిన్న గుడికాడ పంతులును అడిగిన. యంత్రాలకు ఎడమకు తిప్పినా దోషం లేదట. నేనే ఉత్తగ కుడికి కుడికి అని నీ పానం తీసిన. టైమింగు గూడ ఎడమకు తిప్పే చూడుమన్నడు."

పంతులుకు టైమింగు మాట ఎట్లా తెలుసని అడిగితే ఏం చెప్పేదో నాకు తెలియదు. బావ అడగలేదు. ఆమెను ఒక క్షణం చూసి, కాగితం ముక్క పెట్టి, ఎడమకు తిప్పాడు. ఊచ పైకి వచ్చింది, పైకొన చేరింది, దాటింది, కిందికి దిగడం మొదలైంది. అప్పుడు జారింది కాగితం. బావ ఆ కాగితాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. తాంబాళం గీతలు ఒకటొకటిగా లెక్కపెట్టాడు. తర్వాత మెడ వెనక గోక్కుని, "అరే" అన్నాడు, చాలా మెల్లగా.

అరగంటలో టైమింగు మార్చాడు. నేను తోక పట్టుకున్నాను. ఈసారి అక్క లోపలికి పోలేదు. బావ ఒక్కసారే లాగాడు. అది దగ్గలేదు, తుమ్మలేదు. ఒక్క గొంతుతో ఎత్తుకుంది. నేను కుట్టిన బట్టంతా బిగుసుకుని వణికింది, మోకు తీగలా సాగింది, నా కాళ్ళు నేలను దున్నుకుంటూ ముందుకు జరిగాయి. బావ స్క్రూడ్రైవరు తియ్యలేదు. చేతులు రెండూ నడుము మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని విన్నాడు. అట్లా ఎంతసేపు విన్నాడో, నేను మాత్రం చాలా ఆముదం మింగాను.

తర్వాత కళ్ళజోడు పెట్టుకుని ఎక్కి కూర్చున్నాడు. అక్క వైపు చూశాడు. ఆమె చెయ్యి ఊపింది, ముందు వద్దన్నట్టు, తర్వాత పొమ్మన్నట్టు. "పోయి రా" అన్నట్టు పెదాలు కదిలాయి గాని ఆ హోరులో వినబడలేదు. నేను మోకు ముడి లాగి తోక వదిలేశాను.

బీడు మీద ఎగిరెగిరి పడుతూ పోయింది. ఒక గట్టు దగ్గర చక్రాలు నేలను వదిలాయి. తాటిచెట్టులో సగం ఎత్తు ఉంటుంది, అంతే. రెండు మూడు చెలకల మేర పోయి, జొన్న కోసిన చేలో దిగి, ఒక చక్రం విరిగి, పక్కకు ఒరిగి ఆగిపోయింది. నేను పరుగెత్తాను. అక్క నా వెనక వస్తోంది, జొన్న మోళ్ళు గుచ్చుకుంటుంటే చీర ఎత్తిపట్టుకుని. నేను చేరేసరికి బావ దిగి, నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, కళ్ళజోడు తీశాడు. దెబ్బలేమీ లేవు. ఎగరడం గురించి ఏదో చెబుతాడనుకున్నాను.

"ఎన్ని దినాలైందిరా?" అన్నాడు.

"ఏంది బావా?"

"నీకు తెల్సి."

అబద్ధం ఆడదామని నోరు తెరిచాను. ఆయన స్క్రూడ్రైవరు ఆనించి వింటున్నప్పటి ముఖంతో నన్నే చూస్తున్నాడు.

"ఇరవై దినాలు" అన్నాను.

"మీ అక్కకు?"

"గదే రోజు."

తల ఊపాడు. కోపం వస్తుందని చూశాను. రాలేదు. వచ్చి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. మెడ తిప్పి చేలో పడుతూ లేస్తూ వస్తున్న అక్కను చూశాడు. ఆమె ఇంకా సగం దూరంలో ఉంది.

"గా పంతులు భద్రాచలం పోయి నెలైంది. నేనే కాజీపేటల రైలెక్కిచ్చిన" అన్నాడు. ఆయన భుజాలు కదిలాయి, నవ్వో మరొకటో. "నాకు తెల్సినట్టు మీ అక్కకు చెప్పకు. పాపం, మస్తు కష్టపడి అబద్ధమాడింది."

అక్క వచ్చింది. ఆయన తల, చేతులు, కాళ్ళు తడిమి చూసింది. కొంగుతో ఆముదం తుడవబోతే అది ఇంకా పులుముకుంది.

"ఇగ చాలా?" అంది.

"చాలు" అన్నాడు బావ.

ఆ విమానం మళ్ళీ లేవలేదు. చక్రం బాగుచేసేలోపు వానలొచ్చాయి. ఆ మరుసటి ఏడు నుంచి రాజ్యమంతా గొడవలు, మా ఊళ్ళో ఎవరికీ విమానాల ధ్యాస ఉండే రోజులు కావు. బావ షెడ్డులో మళ్ళీ తన స్క్రూడ్రైవరుతో తనే వినసాగాడు, నౌకరీ అయిపోయేవరకూ. ఆ తర్వాత ఆయనా నేనూ ఎన్ని వందల సార్లు కలిసి కూర్చున్నామో, ఆ సంగతి ఆయన మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎప్పుడైనా అక్క చాయ్ తెచ్చి పంతులు చెప్పిన మాట గొప్పగా చెప్పుకుంటే బావ శ్రద్ధగా వినేవాడు, గా పంతులు లేకపోతే నా ఇంజను నడవకపోతుండె అని వంత పాడేవాడు. అప్పుడు నా వైపు చూసేవాడు కాదు.

దినాలు అయిన మర్నాడు చుట్టాలంతా వెళ్ళిపోయారు. అక్క గోడకు ఆనుకుని కూర్చుంది. నేను పక్కన ఉన్నాను. అక్క అడిగింది.

"గాయనకు తెల్వలే గద?"

"ఏందక్కా?"

"గదే. మనకు తెల్సి గూడ చెప్పకపోతిమి. ఇరవై దినాలు మనిషిని గట్ల చేస్తిమి. ఇన్నేండ్లల్ల నీతోని ఎప్పుడన్న అన్నడా?"

"లేదక్కా. తెల్వది గాయనకు."

అక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "మంచిగైంది. తెలిస్తె మస్తు బాధపడుతుండె" అంది.

నేను అవునన్నాను.